ఫస్ట్ పార్టీ, సెకండ్ పార్టీ

ఈసారి నేను చదవబోయే రచనకి రచయిత పేరు లేదు. నాలుగు పేజీలు, ఇరవై మూడు క్లాజులు, మొదటి పేజీ ఈ-స్టాంపు కాగితం. బెంగళూరులో మా వీధి చివర జెరాక్స్ షాపులో వర్డ్ ఫైలుగా ఉండేది. షాపతను అంతకుముందు వచ్చినవాళ్ల పేర్లు చెరిపి మా పేర్లు టైపు చేసి ప్రింటు తీశాడు. పద్నాలుగో క్లాజులో మాత్రం చెరపడం మర్చిపోయాడు. అక్కడ నాకు బదులు వేరెవరో గోడలకి మేకులు కొట్టకూడదని ఉంది. నాలుగేళ్ల ఏడు నెలలు ఆ అజ్ఞాత వ్యక్తి నా తరఫున మేకులు కొట్టకుండా ఉన్నాడు.

నాలుగేళ్ల ఏడు నెలలంటే అయిదు అగ్రిమెంట్లు. పదకొండు నెలలకొకటి. ఆ పదకొండు ఎందుకో తెలిసిందే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం పదిహేడో సెక్షను ప్రకారం ఏడాది దాటిన లీజుని రిజిస్టరు చేయించాలి. ఒక్క నెల తగ్గిస్తే ఆ ఖర్చూ, ఆ తిరుగుడూ తప్పుతాయి. అందుకని దేశంలో మనబోటి అద్దెవాళ్ల ఇంటి కథలన్నీ పదకొండో నెలలో ముగిసి, మళ్ళీ మొదటి వాక్యం నుంచి మొదలవుతాయి. అయిదు సంతకాలు పెట్టాను గానీ దాన్ని చదివింది మాత్రం హైదరాబాద్ బదిలీ వచ్చి, ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడే.

చదివితే తెలిసింది, అది చాలా జాగ్రత్తగా రాసిన వచనమని. ఊరికే అనడంలేదు. ఇరవై మూడు క్లాజుల్లో పదహారింటికి కర్త నేను. సెకండ్ పార్టీ కట్టాలి, సెకండ్ పార్టీ చేయకూడదు, సెకండ్ పార్టీ చూసుకోవాలి. ఓనరు కర్తగా ఉన్నవి నాలుగే. ఆయన అద్దె పెంచొచ్చు, ముందుగా చెప్పి ఇల్లు చూడ్డానికి రావొచ్చు, ఖాళీ చేయమనొచ్చు. నాలుగోది, నేను అద్దె సక్రమంగా కడుతున్నంతకాలం నన్ను ప్రశాంతంగా ఉండనివ్వాలి. ఇక డిపాజిట్ గురించి ఒకే ఒక వాక్యం. దానికి కర్తే లేడు. రెండు లక్షల ఇరవై వేలు, వడ్డీ లేకుండా, నష్టాలకి తగ్గించుకుని, ఇల్లు ఖాళీ చేసిన మీదట తిరిగి ఇవ్వబడును.

ఇవ్వబడును! ఎవరి చేత? ఎప్పుడు?

ఈ ప్రశ్నలు నావి కావు, మా అమ్మవి. ఫోన్లో ఆ ఇంగ్లీషు వాక్యాన్ని ఆవిడకి తెలుగులో చెప్పబోయాను. చెప్పలేకపోయాను. 'బడు' ప్రత్యయం పాఠ్యపుస్తకాల్లో, ప్రభుత్వ ప్రకటనల్లో బతుకుతుంది గానీ నోట్లో బతకదు. బజార్లో ఎవరూ చిల్లర ఇవ్వబడుతుందనరు. ఇస్తాననో ఇస్తాడనో అంటారు. ఇంగ్లీషులో ఆ వాక్యం ఎంత హాయిగా కూచుందో, తెలుగులోకి వచ్చేసరికి అంత ఇబ్బందిగా నిలబడింది. "ఇస్తారంట" అన్నాను చివరికి. "ఎప్పుడిస్తారు?" అంది వెంటనే. నాలుగు పేజీలు మళ్ళీ తిరగేశాను. లేదు. అద్దె ప్రతినెలా అయిదో తారీఖులోపు కట్టాలని ఉంది, నోటీసు రెండు నెలల ముందు ఇవ్వాలని ఉంది, కుండీలకి నీళ్లు పోస్తే కింది బాల్కనీలో పడకూడదని కూడా ఉంది. డిపాజిట్‌కి మాత్రం తారీఖు లేదు.

బెంగళూరు డిపాజిట్ గురించి తెలియనివాళ్లకి ఒక మాట. హైదరాబాదులో అడ్వాన్సు మామూలుగా రెండు మూడు నెలల అద్దె. బెంగళూరులో పాత లెక్క పది నెలలు. ఇప్పుడు కొంచెం తగ్గుతోందంటారు, నాకు తగ్గలేదు. నేను చేరినప్పుడు అద్దె ఇరవై రెండు వేలు. ఆ రెండు లక్షల ఇరవై వేలు బ్యాంకులో ఆరు శాతానికి వేసుకున్నా యాభై అయిదు నెలలకి అరవై వేల వడ్డీ వచ్చేది. అంటే తెలుగులో చెప్పుకోవాలంటే, నేను ఓనరుకి వడ్డీలేని అప్పిచ్చాను. నేను అప్పులవాణ్ని కాదు, అప్పిచ్చినవాణ్ని.

కానీ మాట తీరు చూడండి. నోటీసు నేనే రాశాను. వాట్సాప్‌లో మూడు డ్రాఫ్టులు. మొదటిదాంట్లో "దయచేసి" రెండుసార్లు ఉంటే, మూడోదాంట్లో నాలుగైంది. వాళ్ల ఇల్లు మాకెంత కలిసొచ్చిందో, ఆంటీ పంపే బిసిబేళెబాత్ ఎంత బావుంటుందో రాసి, ఆఖరి లైన్లో డిపాజిట్ సంగతి "వీలు చూసుకుని" అని చేర్చాను. వీలు ఎవరిది? ఆయనదే. అప్పిచ్చినవాడు ఇంత నంగిగా మాట్లాడ్డం మన సాహిత్యంలో ఎక్కడైనా ఉందా అని తర్వాత ఆలోచించాను.

నాకు గుర్తున్నంతలో అప్పు విషయంలో మన హాస్యమంతా తీసుకున్నవాడి పక్షం. గిరీశాన్నే తీసుకోండి. పూటకూళ్లమ్మ ఇంట్లో తిని, సరుకులకిచ్చిన ఆవిడ డబ్బు వాడేసుకుని, వెంకటేశానికి చదువు చెప్పే వంకతో విజయనగరం నుంచి జారుకుంటాడు. నోటీసు లేదు, లెక్క తేల్చడం లేదు. అయినా పాఠకుడు వెళ్లేది ఆయన బండెక్కే. పూటకూళ్లమ్మ చీపురుకట్టతో మిగిలిపోతుంది. ముళ్లపూడి 'ఋణానందలహరి' దీన్నింకా పైకి తీసుకెళ్లింది. అక్కడ అప్పు చేయడం ఒక విద్య, అప్పారావు అందులో పండితుడు. ఇచ్చినవాడు నవ్వులపాలవుతాడు, పుచ్చుకున్నవాడికి భాషంతా సొంతం. ఇద్దరి దగ్గరా డబ్బు లేదు, మాట ఉంది. మాట ఉన్నవాడిని మనం ప్రేమిస్తాం.

డిపాజిట్ ఈ ఏర్పాటుని తలకిందులు చేస్తుంది. ఇక్కడ పుచ్చుకున్నవాడు అప్పారావు, కానీ అతనికి మాటల అవసరం లేదు, ఇల్లుంది. ఇచ్చినవాడికి ఏ భాషా లేదు. అద్దె ఇంటి గురించి మన సినిమాల్లో ఉన్న నవ్వంతా ఇల్లు దొరికే దగ్గరే ఆగిపోవడానికి ఇదీ ఒక కారణమేమో. 'చిత్రం భళారే విచిత్రం' గుర్తుందా, బ్రహ్మచారులకి ఇల్లివ్వరని నరేష్ చీర కట్టుకుంటాడు. గడప లోపలికి వెళ్లడానికి వేషాలున్నాయి. గడప బయటికి రావడానికి ఏ వేషమూ పనికిరాదు. అందులో కథ లేదని కాదు, దాన్ని చెప్పడానికి అలవాటుపడ్డ గొంతు మనకి లేదంటాను. ఎవరైనా మంచి కథ చూపిస్తే ఈ పేరా వెనక్కి తీసుకుంటాను.

మా ఓనరు చెడ్డవాడు కాదు. రిటైరైన మనిషి, రోజూ పొద్దున్నే గేటు దగ్గర పేపరు చదువుతూ కనిపించేవారు. నేను ఎప్పుడడిగినా "నోడోణ" అనేవారు. మన "చూద్దాం" లాంటిదే, రెండు భాషల్లోనూ దానర్థం ఒకటే. నెలరోజులయ్యాక ఒకసారి అసలు సంగతి చెప్పారు. నా డబ్బు నేను చేరిన ఏడాదే ఇంటి రెండో అంతస్తు స్లాబులో కలిసిపోయింది. కొత్తవాళ్లు చేరి వాళ్ల డిపాజిట్ కడితే అందులోంచి నాకిస్తారు. మా ఆఫీసు భాషలో నా దగ్గరున్నది పాయింటర్ మాత్రమే, విలువ వేరేచోట సిమెంటయి ఉంది. ఈలోగా హైదరాబాదులో మూడు నెలల అడ్వాన్సు కట్టడానికి నేను మా బావ దగ్గర చేబదులు తీసుకున్నాను. పది నెలల అప్పిచ్చినవాణ్ని, మూడు నెలల అప్పు కోసం బావకి ఫోన్ చేసి ముందు క్రికెట్ గురించి మాట్లాడాను.

ఖాళీ చేసిన నలభై ఏడో రోజున డబ్బు పడింది. లక్షా ఎనభై అయిదు వేల ఎనిమిది వందలు. పెయింటింగ్‌కి ఒక నెల అద్దె, 26,700. క్లీనింగ్ 4,500. చిమ్నీ 3,000.

క్లీనింగూ చిమ్నీ వదిలేద్దాం, ఆ చిమ్నీకి మా పోపులే కారణం. పెయింటింగ్ దగ్గర ఆగాలి, ఎందుకంటే ఈ రచనలో ఉన్న అసలు వైరుధ్యం అక్కడుంది. పన్నెండో క్లాజు, సహజమైన అరుగుదల మినహా ఇంటిని తీసుకున్న స్థితిలోనే అప్పగించాలంటుంది. ఈ మాట జెరాక్స్ షాపతనిది కాదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్లో ఉంది. మంచి మాట. మనుషులున్న ఇల్లు అరుగుతుందని, ఆ అరుగుదల తప్పు కాదని చట్టం ఒప్పుకున్న చోటు అది. చేతులు తగిలే స్విచ్చుబోర్డు చుట్టూ నలుపు, సోఫా వెనక గోడ మీద తల ఆనిన మచ్చ, ఎండపడే వైపు వెలిసిన రంగు. ఇవి కాక అరుగుదల అంటే ఇంకేముంది? కానీ పదిహేడో క్లాజు, గోడల స్థితి ఎలా ఉన్నా సరే, ఖాళీ చేసేటప్పుడు నడుస్తున్న అద్దెలో ఒక నెల పెయింటింగ్‌కి పోతుందంటుంది. స్థితి ఎలా ఉన్నా సరే అన్నాక అది నష్టపరిహారం కాదు, ఇంకో నెల అద్దె. ఆ మాట సూటిగా అనొచ్చు. అనకుండా నా చేతులకి అంటగట్టడమే నాకు నచ్చనిది.

ఇంతకంటే మెరుగైన వచనం లేదా అంటే ఉంది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో, నివాసాలకి డిపాజిట్ రెండు నెలల అద్దె దాటకూడదు. బకాయిలు మినహాయించి, ఇల్లు స్వాధీనం చేసుకున్న రోజునే తిరిగివ్వాలి. అదీ కర్త లేని వాక్యమే, కానీ తారీఖుంది. వెనక ఒక పట్టిక కూడా ఉంది, ఎవరి మరమ్మతు ఎవరిదో. కుళాయి వాషరు, స్విచ్చులు అద్దెవాడివి. గోడలకి వెల్ల, తలుపులకీ కిటికీలకీ రంగు ఓనరువి. ఆ పట్టికని నేను కవిత్వంలా రెండుసార్లు చదువుకున్నాను. పేరులోనే ఉన్నట్టు అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలు. మా వీధి జెరాక్స్ షాపుదాకా రాలేదు.

ఇక్కడితో ఆపితే ఇది ఒక బాధితుడి సమీక్ష అయ్యేది. ఈ వ్యాసం కోసమే పాత వాట్సాప్ మెసేజీలు వెతుకుతుంటే వేరే ఒకటి బయటపడింది.

తెనాలిలో మా పై పోర్షన్ అద్దెకిస్తాం. అక్కడ అగ్రిమెంటూ అదీ లేదు, అమ్మ నోటుబుక్కులో పేరు, చేరిన తారీఖు, అడ్వాన్సు. అంతా నోటిమాట. మూడేళ్ల కిందట ఒక ప్రైవేటు స్కూలు టీచరు గారు ఖాళీ చేశారు. అద్దె 4,500, అడ్వాన్సు 9,000. ఆవిడ మూడేళ్లున్నారు, చిన్న బాబు. అమ్మకి లెక్కలు రావని, బెంగళూరు నుంచి నేనే ఎక్సెల్ షీటు చేసి ఆవిడకి పంపాను. సింకు పగులు 800, రెగ్యులేటరు 500, గోడ మీద క్రేయాన్ గీతలు, పెయింటు 2,500. కింద నా వాక్యం: "మొత్తం రూ. 3,800 మినహాయించబడినది."

మినహాయించబడినది. అమ్మతో ఫోన్లో నా నోటికి రాని ప్రత్యయం, అప్పుడు నా వేళ్లకి ఎంత సులువుగా వచ్చిందో. ఆవిడ జవాబు కూడా ఉంది: "సరేనండీ. గీతలు తుడవడానికి చూశాను, పోలేదు." దానికి నేను బొటనవేలు గుర్తు పెట్టాను.

అమ్మని అడిగితే నోటుబుక్కు తీసింది. ఆవిడ పేరు పక్కన, లెక్క అయిపోయిన గీత కింద, "పెయింటు డబ్బు ఇచ్చేయాలి" అని పెన్సిలుతో ఉంది. "రాసి పెట్టుకున్నాను, నువ్వేమంటావోనని అడగలేదురా" అంది. 2,500 ఆవిడ నంబరుకి ఫోన్‌పే చేశాను. కాసేపటికి "దేనికండీ ఇది?" అని వచ్చింది. ఈసారి కర్తతో మొదలెట్టి రాశాను, "నేను తప్పుగా కట్ చేశాను మేడమ్" అని. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. రావాలని లేదు కూడా.

పోర్షన్‌కి వచ్చేనెల కొత్తవాళ్లొస్తున్నారు. ఈసారి కాగితం ఉండాలనుకున్నాం, తెలుగులో, ఒక పేజీ. రాసి ఫోన్లో చదివి వినిపించాను. వెల్ల మాది, వాషర్లు వాళ్లవి. అడ్వాన్సు వాక్యం మీద ఒక సాయంత్రం పట్టింది. "ఇల్లు ఖాళీ చేసి తాళాలిచ్చిన రోజునే ఇంటి యజమాని అడ్వాన్సు తిరిగి ఇస్తారు" అని.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "ఆ రోజే అంటే కష్టంరా నాన్నా. వారం అని రాయి."