అరవై కార్డుల కూర్పు

ఆర్మూర్ కల్లాల్లో పసుపు కొమ్ములు, మండలు వేరుచేసే చేతుల నిదానమే మ్యాజిక్ ది గ్యాదరింగ్ పోటీకి కార్డులు కూర్చేవాళ్లకూ కావాలి. 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ తెచ్చిన ఈ ఆటలో, ముందే కూర్చుకుని తెచ్చే కట్టలో కనీసం 60 కార్డులు ఉండాలి. మిగతా కార్డులు ఆడటానికి శక్తినిచ్చే మామూలు భూమి కార్డులు తప్ప, ఒకే కార్డు నాలుగుకు మించకూడదు. నాలుగూ పెట్టినా, మొదట చేతికొచ్చే ఏడింటిలో అది కనిపించే అవకాశం దాదాపు 40 శాతమే! అందుకే అదే పని చేసే ఇంకో కార్డునూ వెతుకుతారు.

భూమి కార్డులు తగ్గితే చేతిలో ఎంత బలమున్నా ఆడలేం. ఎక్కువైతే ఆడటానికేమీ మిగలదు. 23 చాలా, 24 కావాలా అని కలిపి, పంచి, మళ్లీ కలుపుతారు. ఎంతో ఇష్టపడి కొన్న కార్డును కూడా కట్టకు పనికిరాదని తీసి పక్కన పెడతారు చూడండి, నాకు అదే అసలైన పనితనం అనిపిస్తుంది. విడిగా మరో 15 దాకా ఉంచుకుంటారు, మొదటి ఆటలో ఎదుటివాళ్ల తీరు చూశాక మార్చుకోవడానికి.