భౌతికశాస్త్ర ప్రవేశపాఠమున నిత్యవ్యవహార పదములు

భౌతికశాస్త్రమును ప్రధానవిషయముగా గ్రహింపని విద్యార్థికి ఆ శాస్త్రపు మూలభావములను బోధించు పాఠక్రమ మెట్లుండవలెనను ప్రశ్న తెలుగుశాఖవారి పత్రికలో చర్చింపదగినదా యని కొందరు సందేహింపవచ్చును. అట్టి పాఠమున విద్యార్థికి మొదట ఎదురగు చిక్కు శబ్దార్థములకు సంబంధించినదని మా అభిప్రాయము. గణితపు చిక్కు ఆ పిమ్మట వచ్చునది. కావున ఈ విమర్శకు మేము పూనుట అనధికారచర్య కానేరదు.

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతమును ఉదాహరణముగా గైకొందుము. రామచంద్రాపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ వారి కర్మాగారము, ఎద్దుమైలారమున ఆయుధ కర్మాగారము, పటాన్‌చెరువున 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ పరిశోధనసంస్థ, 2008లో ఆరంభమై నేడు కందిలో నెలకొనియున్న ఐ.ఐ.టి., వీని నడుమ మందులు, రసాయనములు చేయు ఫ్యాక్టరీలు పెక్కు కలవు. ఇచ్చటి డిగ్రీ కళాశాలలో చరిత్రయో అర్థశాస్త్రమో చదువు విద్యార్థి యింట ఎవరో ఒకరు బాయిలరు దగ్గరనో మోటరు దగ్గరనో పనిచేయుచునే యుందురు. 1982లో స్థాపితమై నేడు అంబేడ్కర్ పేర వెలయుచున్న సార్వత్రిక విశ్వవిద్యాలయము శాస్త్రసాంకేతిక విజ్ఞానమును పునాదిపాఠముగా నుంచినది. పగలు షిఫ్టు చేసి రాత్రి పుస్తకము పట్టువారికి గూడ అట్టి పాఠము చేరవలసియున్నది.

అట్టివారికై వ్రాయబడు ప్రవేశగ్రంథములు తరచుగా లెక్కలు తీసివేసిన బి.ఎస్సీ. పుస్తకములవలె నుండును. ప్రమాణములు, సదిశరాశులు, చలనము, బలము, పని, శక్తి అను క్రమము మారదు. ప్రతి ప్రకరణమున నొక నిర్వచనము, దాని క్రింద నొక ఉదాహరణము. ఎరిక్ రోజర్స్ ప్రిన్‌స్టన్‌లో శాస్త్రేతర విద్యార్థులకు చెప్పిన పాఠములను 1960లో గ్రంథముగా వెలువరించినపుడు విషయములను తగ్గించి, ఒక్కొక్క భావ మెట్లు పుట్టెనో నింపాదిగా చూపెను. ఆ పద్ధతి మన భాషలో అవలంబింపవలెనన్నచో విద్యార్థి నోట ముందే యున్న మాటలతో మొదలిడక తప్పదు.

‘వేడి’ అను మాటను చూడుడు. “నీళ్లు వేడిగా ఉన్నయి” అన్నచోట అది ఉష్ణోగ్రత. “పొయ్యి వేడి తగిలింది” అన్నచోట ఉష్ణము. “మామిడిపండు వేడి చేసింది” అన్నచోట వైద్యపరిభాష. ఒకే మాట మూడు భావములను మోయుచున్నది. పుస్తకము వచ్చి ఉష్ణము వేరు, ఉష్ణోగ్రత వేరని రెండు వాక్యములలో చెప్పి ముందుకు సాగును. యూరపున నీ రెంటిని స్పష్టముగా విడదీయుటకు 1760 ప్రాంతమున జోసెఫ్ బ్లాక్ వరకు ఆగవలసివచ్చినదని పాఠకునికి చెప్పరు. ఆవిరి దగ్గర పనిచేయువానికి ఈ భేదము అనుభవవేద్యము. 100 డిగ్రీల నీరు ఒక కిలో 37 డిగ్రీలకు చల్లారునప్పుడు విడుచు ఉష్ణము సుమారు 264 కిలోజౌళ్లు. అదే ఉష్ణోగ్రతగల ఆవిరి ఒక కిలో నీరుగా మారునప్పుడే, ఇంకను చల్లారకమునుపే, సుమారు 2,260 కిలోజౌళ్లు విడుచును. ఎనిమిదిరెట్లకు మించినది. ఆవిరికాలు నీటికాలుకంటె ఏల ఘోరమో దీనివలన తెలియును. ఈ యొక్క ఉదాహరణమును పది పుటలు విస్తరించినను మాకు సమ్మతమే.

ఇక బలము, శక్తి, సామర్థ్యము. పాఠ్యగ్రంథములలో ఈ మూడును వేర్వేరు రాశులకు నియతములైనవి. వాడుకలో మూడింటికిని భేదము లేదు. తెలంగాణమున ‘తాకత్’ అనునది నాలుగవది. ఈ ప్రాంతమునకు మరియొక విశేషము కలదు. నిజాముల కాలమున ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉర్దూ బోధనభాష. 1917లో స్థాపించిన అనువాదసంస్థ శాస్త్రగ్రంథముల కుర్దూ పరిభాషను కల్పించినది. ఆ పరిభాషలో తాకత్, ఖువ్వత్, తవానాయి అను మూడును విడివడినవి. తరువాత ఆంగ్లము, 1968లో తెలుగు అకాడమి స్థాపితమైన పిమ్మట తెలుగు. ఒక్క శతాబ్ది లోపల మెదకు సీమ విద్యావంతుడు మూడు పరిభాషలను చూచినాడు. ఇంటిమాట మాత్రము మారలేదు.

దీనికి విద్యార్థి మందబుద్ధి కారణమనుట అన్యాయము. హెల్మ్‌హోల్ట్స్ 1847లో శక్తినిత్యత్వమును ప్రతిపాదించిన ప్రబంధమున శక్తికి వాడిన జర్మను మాట బలమునకును చెల్లునదే. శక్తి యను నర్థమున ఆంగ్లపదమును థామస్ యంగ్ 1807లో వాడెను. ‘పని’కి నేటి యర్థమును కొరియొలిస్ 1829లో స్థిరపరచెను. ఆచార్యులకే అంతకాలము పట్టిన భేదమును ప్రథమసంవత్సర విద్యార్థి ఒక్క పీరియడులో గ్రహింపవలెననుట యేమి న్యాయము?

పరిభాషాకర్తల కృషి నెల్ల తూలనాడుట మా యుద్దేశము కాదు. ‘ఉష్ణోగ్రత’ చక్కని కల్పన. ఉష్ణ, ఉగ్రతలకు గుణసంధి విడదీసినంతనే పరిమాణము వేరు, తీవ్రత వేరను భావము స్ఫురించును. ‘స్థితిస్థాపకత’ ఇంకను మేలైనది. వైశేషికులు సంస్కారమును వేగము, భావన, స్థితిస్థాపకమని మూడు విధములుగా చెప్పిరి. వంచి విడిచిన కొమ్మ మరల యథాస్థానమును చేరుట కీ మూడవది కారణము. పాతమాట క్రొత్తభావమునకు చాలవరకు సరిపోయినది. కాని అదే జాబితాలోని ‘వేగము’ సరిపోలేదు. వైశేషికుల వేగము కదలు వస్తువునందు నిలిచి దానిని ముందుకు నడపు గుణము. నేటి పుస్తకములోని వేగము దిశాసహితమైన కొలత మాత్రమే. పైగా దిశ లేనిదానికి ‘వడి’ యని పేరిడిరి. తత్సమమునకు దిశ యుండి దేశ్యమునకు లేకపోవుటకు ఏ ప్రయోగమును ఆధారము లేదు. (ఛందస్సు చదివినవానికి వడి యనగా యతి; అది వేరు సంగతి.)

‘ద్రవ్యరాశి’ వినిన కళావిద్యార్థికి ధనపుకుప్ప తోచును. లోహపుకడ్డీ సాగుటను చెప్పు ‘వికృతి’ అతనికి వ్యాకరణమున ప్రకృతికి జంటయైన తద్భవము. ఈ పదములను మార్చుమని మేము కోరము. వాడుకలో స్థిరపడినవానిని కదల్చుట క్రొత్త గందరగోళమునకు దారి. పదము వచ్చినచోట ఉపాధ్యాయుడు దాని పాతయర్థమును పేరెత్తి చెప్పి, ఇచ్చట నది తగదని వారించిన చాలును.

ఆంగ్లపదములనే వాడిన ఈ బాధ తప్పునని వాదించువారు కలరు. పటాన్‌చెరు ఫ్యాక్టరీలలో పీడనమను మాట వినబడదు, ప్రెషరే. ఉష్ణోగ్రత లేదు, టెంపరేచరే. ఈ వాదమున కొంత సత్యమున్నది. అన్యభాషాపదమునకు పాతయర్థపు బరువు తక్కువ. కాని ఆ సౌకర్యము ఎక్కువకాలము నిలువదు. ‘పవర్’ ఇప్పటికే అధికారము, కరెంటు, కంటిచూపు అద్దముల సంఖ్య అను నర్థములను సంపాదించుకొన్నది. అయిదు హార్స్ పవరు బోరుమోటరు అని రైతు నిత్యమును చెప్పును. అది 3,730 వాట్ల సామర్థ్యమని గాని, ఆ మోటరు తీసికొను విద్యుత్తు అంతయే యనుకొన్నను గంటలో 3.73 యూనిట్లు ఖర్చగునని గాని, ఆ యూనిట్టు సామర్థ్యము కాదు, శక్తి యని గాని ఆ మాట వానికి తెలుపదు. 60 మీటర్ల లోతునుండి ఆ మోటరు, నష్టమే లేనిచో, సెకనునకు ఆరు లీటర్లకు మించి నీరెత్తును. నిజమున నష్టములు పోను దానికి చాల తక్కువ. ఈ లెక్క ఏ భాషలో చేసినను భావము తేటపడును. లెక్క చేయక మాట మార్చిన తేటపడదు.

అన్నిటికంటె మా కభ్యంతరకరముగా తోచినది ‘పని’ ప్రకరణము. మూట నెత్తిన పెట్టుకొని కదలక నిలిచిన హమాలీ పని చేయుటలేదని పుస్తకములు విస్మయము గొలుపుటకై చెప్పును. ఆ హమాలీ కుమారుడే యా తరగతిలో కూర్చుండి యుండవచ్చును. మూటపై జరిగిన పని సున్న యనుట సత్యమే. కాని కండరములు క్షణక్షణము బిగిసి సడలుచు తిన్న యన్నమునుండి వచ్చిన శక్తిని ఉష్ణముగా వెచ్చించుచున్నవి. అందువలననే చెమట, అందువలననే అలసట. ఈ రెండవ సగము విడిచి మొదటిది మాత్రమే చెప్పు గ్రంథము విద్యార్థికి శాస్త్రముపై అపనమ్మకమును, తండ్రి కష్టముపై చులకనను ఏకకాలమున నేర్పుచున్నది. ఇది శైలీదోషము మాత్రమే యని మేము క్షమింపజాలము.

భారము, ద్రవ్యరాశుల భేదమును చంద్రునిపై మనుష్యునితో చెప్పుట పరిపాటి. అంతదూరము పోనేల? బాయిలరుపై నున్న గేజి చదరపు సెంటీమీటరునకు ఇన్ని కిలోలని చూపును. ఆ కిలో అచ్చట బలము, కిరాణాకొట్టులో ద్రవ్యరాశి. గేజి ముల్లు సున్నపై నున్నప్పుడు లోపల పీడనము సున్న కాదు. వాతావరణపీడన మచ్చటనే యున్నది. అది సముద్రతీరమున సుమారు 1.03 కిలోలు, సంగారెడ్డి వంటి మెట్టసీమలో కొంచెము తక్కువ. అందుచేతనే ఇచ్చట తెరిచిన గిన్నెలో నీరు 100 డిగ్రీలకు కొలదిగా ముందే మరుగును. గేజి 7 కిలోలు చూపు బాయిలరులో మాత్రము సుమారు 170 డిగ్రీలవద్ద మరుగును.