పాలియో చిత్రము – పందెము వెనుకనున్న పేట

ఐరోపాలోని చిన్న పట్టణములను గూర్చి వ్రాయువారు సామాన్యముగా అచటి ఉత్సవమును, వంటను, కోటను వర్ణింతురు. ఈ మూడింటిని కలిపియుంచు బంధమును చెప్పువారు అరుదు. కోసిమా స్పెండర్ దర్శకత్వమున 2015లో వెలువడిన ‘పాలియో’ అను డాక్యుమెంటరీ చిత్రమును ఇటీవల మా మనుమడు చూపగా చూచితిని. ఇటలీలోని సియెనా పట్టణపు గుఱ్ఱపుపందెము దాని వస్తువు. చిత్రము ముగిసిన పిమ్మట మనుమడు “ఇదంతయు డబ్బు కోసమేనా, తాతయ్యా?” అని యడిగెను. ఆ ప్రశ్నయే ఈ వ్యాసమునకు కారణము.

సియెనాలో ఏటేట జూలై 2, ఆగస్టు 16 తేదీలలో, ఆల్చిప్ప ఆకారము గల కాంపో అను నడిబొడ్డు మైదానమున మట్టి పరచి ఈ పందెము నడపుదురు. పట్టణమున 17 పేటలు గలవు; వానిని కొంత్రాదలందురు. నత్త, తాబేలు, బాతు, అల మున్నగునవి వాని చిహ్నములు. వాని సరిహద్దులు 1729లో నిర్ణయింపబడినవి. ఒక్కొక్క పందెమున 10 పేటలకే అవకాశము. జీను లేని గుఱ్ఱములపై మూడు చుట్లు. సుమారు ఒకటిన్నర నిమిషములో సర్వము ముగియును. రౌతు పడిపోయినను, గుఱ్ఱము ముందు చేరినచో గెలుపు ఆ పేటదే. బహుమానము చిత్రించిన పట్టుపతాకము.

చిత్రము ప్రధానముగా రౌతుల కథ. అప్పటికే 13 పందెములు గెలిచిన లుయీజీ బ్రుస్కెల్లి ఒకవైపు, యువకుడగు జోవాన్ని అత్జేని మఱొకవైపు. 2013లో అత్జేని రెండు పందెములను గెలుచుట కథకు పరాకాష్ఠ. రౌతుల నడుమ జరుగు రహస్య ఒప్పందములను, చేతులు మారు సొమ్మును వృద్ధ రౌతుల నోటనే చెప్పించిన ధైర్యము మెచ్చదగినది. పరుగు ఘట్టములలో ఊపిరి బిగబట్టక తప్పదు.

అయినను రౌతు కూలికి వచ్చినవాడు. తఱచుగా పరాయి ఊరివాడు. గుఱ్ఱమో చీటివలన లభించునది, దానిని మార్చుకొనరాదు. సొమ్ముతో తెచ్చుకొన్న రౌతును, విధి యిచ్చిన గుఱ్ఱమును కలిపి తమవి చేసికొను పేటవారే ఈ ఉత్సవమునకు కర్తలు. వారికి చిత్రమున తగిన చోటు దక్కలేదు. పందెము నాడు గుఱ్ఱమును పేట చర్చిలోనికి తెచ్చి, పోయి గెలిచి రమ్మని మతగురువు ఆశీర్వదించును. అచట అది లద్దె వేసినచో శుభశకునమందురు. ముందునాటి రాత్రి వీధుల పొడవునా బల్లలు వేసి పేటవారు కలసి భుజింతురు. గెలిచిన పేట పిదప చేయు విందున గుఱ్ఱమునకును స్థానము గలదు. పిల్లలను పేట జలధార కడ నీరు చల్లి తమవారిగా స్వీకరింతురు. సియెనా 1555లో శత్రుసేనలకు లొంగి, పిమ్మట ఫ్లారెన్సు ఏలికల వశమైనది. రాజ్యము పోయినను పేటలు పోలేదు. నా దృష్టిలో అసలు కథ అదియే.

ఉత్సవము నిర్దోషమని నేననను. గుఱ్ఱములు గాయపడి మరణించిన సందర్భములు కలవు; ప్రమాదకరమగు మలుపున గోడలకు పరుపులు కట్టుదురు. ఆచారము ప్రాచీనమైనంత మాత్రమున మూగజీవి బాధకు సమాధానము దొరకదు.

మా బరంపురమున రెండేండ్లకొకసారి ఠాకురాణి యాత్ర జరుగును. అమ్మవారిని డేరా నేతవారి పెద్దయగు దేశిబెహరా ఇంటి ఆడపడుచుగా భావించి పుట్టినింటికి తెచ్చుట ఆచారము. ఎవరైనను వచ్చి వేషములను, అంగళ్లను, జమాఖర్చుల తగాదాలను మాత్రమే చిత్రించి పోయినచో, అది అబద్ధమనలేము. కాని పుట్టినింటికి వచ్చిన బిడ్డ అందు కనబడదు. ‘పాలియో’ చిత్రపు లోపమును ఈ పోలికవలననే నేను గ్రహించితిని.

మనుమనికి ఇట్లు చెప్పితిని: “డబ్బు ఉన్నది నాయనా, కాదనను. కాని గెలిచిన పేటకే ఖర్చు ఎక్కువ. అంత వెచ్చించి వారు ఇంటికి తెచ్చుకొనునది ఒక పట్టుగుడ్డ. ఎందుకో ఆలోచింపుము.”

పరాయి నేలపై తరతరములుగా నిలిచిన మనకు ఈ చిత్రము చూడదగినది. పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చూడుడు. చిత్రము విడిచిన సగమును పెద్దలు నోటితో పూరింపుడు.