ప్రసంగవేదిక నుంచి పోలింగు కేంద్రానికి: విశాఖపట్నం సాక్ష్యంగా క్రైస్తవ సంప్రదాయవాద రాజకీయాల పరిశీలన

వ్యాససంగ్రహం: అమెరికా ఎన్నికలలో సంప్రదాయవాద క్రైస్తవం వ్యవస్థీకృతమైన ఓటుబలంగా రూపొందింది. ఆ నమూనాతోనే ఆంధ్రదేశపు ‘క్రైస్తవ ఓటు’ను వివరించే ధోరణి తెలుగు రాజకీయ వ్యాఖ్యానంలో కనిపిస్తుంది. విశాఖపట్నం లోక్‌సభ స్థానానికి జరిగిన మూడు ఎన్నికల (2014, 2019, 2024) ఆధారంగా ఆ పోలిక ఎంతవరకు నిలుస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బోధ ఒకటే అయినా రాజకీయం వేరుకావడానికి మూలం విశ్వాసి తన విశ్వాసాన్ని బహిరంగంగా చెప్పుకోగల, చెప్పుకోలేని సామాజిక, చట్టపర స్థితిలో ఉందన్నది దీని ప్రతిపాదన.

కీలకపదాలు: విశాఖపట్నం, క్రైస్తవ సంప్రదాయవాదం, ఇవాంజెలికల్, దళిత క్రైస్తవులు, ఎన్నికలు, జనగణన.

1. రెండు వార్తలు

2024 జూన్ 4న విశాఖపట్నం లోక్‌సభ స్థానపు ఓట్ల లెక్కింపు ముగిసింది. తెలుగుదేశం అభ్యర్థి మతుకుమిల్లి శ్రీభరత్ ఐదు లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ఓడినవారిలో ప్రజాశాంతి పార్టీ అధ్యక్షుడు, అంతర్జాతీయ సువార్తికుడు కె.ఎ. పాల్ ఒకరు. ఆయనకు ధరావతు దక్కలేదు. ఆరు వారాలు నిండకముందే, జూలై 15న, అమెరికాలో రిపబ్లికన్ పార్టీ ఉపాధ్యక్ష పదవికి జె.డి. వాన్స్‌ను అభ్యర్థిగా ఎంచుకుంది. ఆయన భార్య ఉషా చిలుకూరి బంధువుల్లో ఒక వయోవృద్ధ ఆచార్యురాలు విశాఖలో ఉన్నారని తెలిసి విలేకరులు ఆమె ఇంటికి వరుసకట్టారు.

తెలుగు పత్రికలు మొదటి వార్తను హాస్యంగానూ రెండవదాన్ని గర్వకారణంగానూ రాశాయి. నిజానికి రెండూ ఒకే విషయానికి చెందినవి. అమెరికా సంప్రదాయవాద క్రైస్తవం ఒకచోట అభ్యర్థిని అధికారపు అంచుకు చేర్చింది. అదే లోకంలో పేరు గడించిన బోధకుణ్ణి మరొకచోట ధరావతు కూడా దక్కించుకోలేని స్థితిలో వదిలేసింది. 2025 అక్టోబరులో వాన్స్ మిసిసిపీ విశ్వవిద్యాలయంలో మాట్లాడుతూ, హిందూ కుటుంబంలో పెరిగిన తన భార్య ఏదో ఒకనాడు క్రైస్తవ సువార్త వైపు రావాలని ఆశిస్తున్నానన్నప్పుడు తెలుగు వ్యాఖ్యాతలు ఉలిక్కిపడ్డారు. అంతకుముందు ఏడాది మనం ఆనందించిన అభ్యర్థిత్వానికి అండగా నిలిచిన ఓటర్లలో పెద్ద భాగం ఆ మాటను ఏ సంకోచమూ లేకుండా స్వాగతించేవారే. వంశవృక్షాన్ని మాత్రమే చదివి, ఓటరు జాబితాను చదవకపోవడం వల్ల వచ్చిన ఆశ్చర్యమది.

2. విశ్వాసం ఓటుగా మారిన క్రమం

సంప్రదాయ బోధ ఉన్నచోట సంప్రదాయ రాజకీయం దానంతటదే పుడుతుందనే ఊహ అమెరికాకే సరిపోదు. గర్భస్రావాన్ని నేడు ఇవాంజెలికల్ రాజకీయాలకు ఆయువుపట్టుగా భావిస్తాం. కాని 1971లో దక్షిణాది బాప్టిస్టుల మహాసభ కొన్ని పరిస్థితులలో గర్భస్రావాన్ని అనుమతించే చట్టాలను సమర్థిస్తూ తీర్మానం చేసింది. ఆ పక్షాన్ని మొదట రాజకీయంగా కదిలించింది గర్భస్రావం కాదనీ, జాతివివక్ష పాటించే క్రైస్తవ విద్యాసంస్థలకు పన్ను మినహాయింపు తొలగించడమనీ చరిత్రకారుడు రాండల్ బామర్ వాదించారు. ఆ వాదనతో విభేదించేవారు ఉన్నారు. అయినా 1979లో జెర్రీ ఫాల్వెల్ ‘మోరల్ మెజారిటీ’ని స్థాపించే నాటికి బోధ పాతదే, వ్యవస్థ మాత్రం కొత్తదన్న విషయంలో సందేహం లేదు. ఓటర్ల నమోదు, చిరునామాల పట్టికలు, టెలివిజన్ ప్రసంగాలు, తర్వాత 1989లో పాట్ రాబర్ట్‌సన్ నెలకొల్పిన ‘క్రిస్టియన్ కొయలిషన్’ చర్చిలలో పంచిన ఓటరు మార్గదర్శక పత్రాలు ఆదివారపు జనసమూహాన్ని మంగళవారపు ఓటుగా మార్చాయి. పన్ను మినహాయింపు పొందే చర్చిలు అభ్యర్థులను బలపరచరాదని 1954 నుంచే చట్టం ఉంది. ఆ కంచెను దాటకుండానే దాని పక్కగా బాట వేసుకోవడంలోనే ఆ వ్యవస్థ నేర్పు కనిపిస్తుంది. రెండు తరాల ఓపిక తర్వాత, 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కును రద్దు చేసింది.

ఈ కథలో తెలుగు వ్యాఖ్యానం సాధారణంగా వదిలేసే సగం ఒకటుంది. 2016 నుంచి మూడు అధ్యక్ష ఎన్నికలలోనూ శ్వేతజాతి ఇవాంజెలికల్ ఓటర్లలో సుమారు 80 శాతం డొనాల్డ్ ట్రంప్ వైపు నిలిచారు. బైబిలు అధికారం, ప్రార్థనాశక్తి, పునర్జన్మానుభవం వంటి విషయాలలో వారికి ఏమాత్రం తీసిపోని నల్లజాతి ప్రొటెస్టెంట్లు అంతే గట్టిగా డెమొక్రాట్లకు ఓటు వేశారు. ఒకే గ్రంథం, ఒకే పాటలు, చాలాచోట్ల ఒకే శాఖ. బానిసత్వపు జ్ఞాపకం, పౌరహక్కుల పోరాటం వారి ఓటును వేరే దారిన నడిపించాయి. ఆంధ్ర క్రైస్తవ సంఘానికి అమెరికాలో పోలిక వెతకదలిస్తే అది ఫాల్వెల్ చర్చిలో దొరకదు. అలబామా, జార్జియాల నల్లజాతి చర్చిలలో కొంతవరకు దొరకవచ్చు.

3. తెలుగునేలపై అమెరికా ముద్ర

విశాఖపట్నంలో ప్రొటెస్టెంటు మతప్రచారం 1805లో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజిల రాకతో మొదలైంది. సువార్తలను తెలుగు చేసే తొలి ప్రయత్నాలలో కొన్ని ఇక్కడే జరిగాయి. తర్వాత ఉత్తరాంధ్రలో కెనడా బాప్టిస్టులు పాదుకున్నారు. నగరంలో సీబీఎం కాంపౌండు పేరు వారి గుర్తే. హార్బరు ముఖద్వారం దగ్గర మూడు కొండలపై గుడి, దర్గా, చర్చి వరుసగా నిలిచిన దృశ్యాన్ని మతసామరస్యానికి గుర్తుగా చెప్పడం విశాఖవాసులకు అలవాటు. ఓట్ల లెక్కలకు ఆ దృశ్యం పెద్దగా ఉపకరించదు.

అమెరికా ముద్ర గాఢంగా పడింది దక్షిణాన. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లౌ 1876–78 కరవుకాలంలో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకొని మాదిగలకు పని కల్పించారు. తిండికోసం మతం మారారన్న మాట రాకుండా అప్పట్లో బాప్తిస్మాలు ఆపారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. అక్కడ చేరింది ఏ ‘నైతిక మెజారిటీ’యో కాదు, ఊరి బావి నుంచి నీళ్లు తోడుకోలేని జనం. ఆ పుట్టుక తెలుగు క్రైస్తవ రాజకీయాన్ని నేటికీ వదలలేదు.

ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో పెంతెకోస్తు, స్వతంత్ర సంఘాలు పెరిగాయి. ఉజ్జీవసభలు, స్వస్థత కూటములు, టీవీ ప్రసంగాలు అమెరికా నుంచి శైలినీ కొంతవరకు ధనాన్నీ తెచ్చుకున్నాయి. మద్యం, సినిమా, నగలు, విడాకులు, రెండవ రాకడ వంటి విషయాలలో ఈ ప్రసంగవేదికలు అమెరికా దక్షిణాది వేదికలంత కఠినమైనవి. అయినా ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికలలో గర్భస్రావం ఎన్నడూ ప్రచారాంశం కాలేదు. మద్యం అయింది. కాని దాన్ని ఎన్నికలలోకి తెచ్చింది 1990ల మొదట్లో దూబగుంట మహిళలు రగిలించిన సారా వ్యతిరేకోద్యమం. ఏ చర్చి సంఘమూ కాదు.

4. ఒక స్థానం, మూడు ఎన్నికలు

2014లో వై.ఎస్. విజయమ్మ విశాఖ లోక్‌సభకు పోటీ చేశారు. చేతిలో బైబిలుతో వేదికలెక్కడం అప్పటికే ఆమె ప్రచారంలో అందరికీ తెలిసిన దృశ్యం. తెలుగుదేశం మద్దతున్న భాజపా అభ్యర్థి కంభంపాటి హరిబాబు చేతిలో ఆమె సుమారు 90 వేల ఓట్ల తేడాతో ఓడిపోయారు. ‘బైబిలు ఓడింది’ అన్న వ్యాఖ్య నాడు వినబడింది, నేటికీ వినబడుతుంది. కాని 2019లో అదే స్థానాన్ని అదే పార్టీ నాలుగు వేల పైచిలుకు ఓట్లతో గెలుచుకుంది. ఆ కుటుంబపు మతం ఈ ఐదేళ్లలో మారలేదు. తెలుగుదేశం, భాజపా విడిపోయాయి. జనసేన బరిలోకి వచ్చి ఓట్లు పంచుకుంది. ఆ ఎన్నికలోనే నగరంలోని తూర్పు, పశ్చిమ, ఉత్తర, దక్షిణ శాసనసభ స్థానాలు నాలుగూ తెలుగుదేశానికి దక్కాయి. 2024లో మూడు పార్టీలు ఒక్కటవగానే ఫలితం ఐదు లక్షలతో తిరగబడింది. పొత్తుల లెక్కలు వివరించగలిగినదానికి మతాన్ని కారణంగా చూపడం పరిశోధనాపద్ధతి కాదు. విజయమ్మ ఓటమిలో బైబిలుకు ఏ పాత్రా లేదనీ అనలేం. బయటి జిల్లావారన్న శంక, భూముల భయం, రాష్ట్ర విభజన కోపం, మోదీ ప్రభంజనం కలగలిసిన ఆ ఎన్నికలో దాని వంతును విడదీసి చూపే ఆధారం మాత్రం లేదు.

కె.ఎ. పాల్ ఉదాహరణ ఇంకా బోధప్రదం. ఉత్తరాంధ్రలో పుట్టి, అమెరికాలో సంస్థ నెలకొల్పి, సొంత బోయింగ్ 747తో దేశాలు తిరిగి, దేశాధినేతలతో కలిసి కనిపించిన వ్యక్తి ఆయన. 2008లో ప్రజాశాంతి పార్టీ పెట్టారు. అమెరికా నమూనా ఇక్కడ ఫలించేదే అయితే దానికి ఆయనకంటే తగిన వాహకుడు లేడు. 2019లో నరసాపురంలో పోటీ చేసినప్పుడు ఆయన పార్టీ గుర్తు హెలికాప్టరు. దాని రెక్కలు తమ ఫ్యానును పోలి ఉన్నాయని వైకాపా ఎన్నికల సంఘానికి ఫిర్యాదు చేసింది. ఆ పార్టీ భయమంతా గుర్తు గురించే. పాల్ బోధ తమ ఓట్లను చీలుస్తుందన్న చింత ఆ ఫిర్యాదులో లేదు.

2024లో విశాఖలో పాల్ ప్రధానంగా ఏమి మాట్లాడారన్నది గమనించాలి. ఉక్కు కర్మాగారం. 2021 జనవరిలో కేంద్రం ఆ కర్మాగారంలో వంద శాతం వాటా విక్రయానికి సూత్రప్రాయంగా ఆమోదం తెలిపినప్పటి నుంచి నగర రాజకీయమంతా దాని చుట్టూ తిరుగుతోంది. 1966 ఉద్యమంలో ముప్పైమందికి పైగా ప్రాణాలు పోగొట్టుకొని సాధించుకున్న కర్మాగారమది. పాల్ ప్రైవేటీకరణకు వ్యతిరేకంగా హైకోర్టుకు వెళ్లారు, కార్మికుల పక్షాన మాట్లాడారు. ప్రభుత్వ పరిశ్రమను అమ్మవద్దని పోరాడే ఇవాంజెలికల్ అభ్యర్థి టెక్సాసులో ఒక వింత. విశాఖలో అది ఏ అభ్యర్థికైనా తప్పని కనీస మర్యాద. ఓటరు ఆయన విశ్వాసాన్ని తిరస్కరించాడని గానీ ఆయన వాదాన్ని తిరస్కరించాడని గానీ చెప్పడానికి వీల్లేదు. ఆ వాదాన్నే పెద్ద పార్టీలూ వినిపిస్తున్నప్పుడు విశ్వాసి కూడా గెలవగలవారికే ఓటు వేశాడు.

5. లెక్కకు రాని విశ్వాసి

అమెరికాలో ఇవాంజెలికల్ ఓటును పోలింగు కేంద్రం గుమ్మం దగ్గరే లెక్కిస్తారు. ఓటరు తాను ఇవాంజెలికల్‌నని చెప్పుకుంటాడు. చెప్పుకున్నందువల్ల కోల్పోయేదేమీ లేదు. ఆంధ్రదేశంలో ఆ లెక్క మొదటి మెట్టులోనే ఆగుతుంది. 1971లో రాష్ట్ర జనాభాలో నాలుగు శాతానికి పైగా నమోదైన క్రైస్తవులు 2011 జనగణనలో 1.34 శాతానికి, అంటే 11 లక్షల పైచిలుకుకు తగ్గారు. ఆ నలభై ఏళ్లలో చర్చిలు తగ్గలేదని ఏ పేట చూసినా తెలుస్తుంది.

కారణం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా. షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే పరిమితమని అది నిర్దేశించింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు. క్రైస్తవులకు, ముస్లింలకు విస్తరించలేదు. 1985లో సూసై కేసులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించింది. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవం తీసుకున్న షెడ్యూల్డు కులాలవారు బీసీ–సీ వర్గంలోకి, అక్కడి ఒక్క శాతం రిజర్వేషన్‌లోకి వెళ్తారు. కాబట్టి మాలపల్లెలోని విశ్వాసి ఆదివారం సంఘానికి వెళ్తాడు. ధ్రువపత్రంలో హిందువుగా ఉంటాడు. దీన్ని కపటమనేవారు ఆ ధ్రువపత్రం మీద ఆధారపడిన పిల్లల చదువును, ఉద్యోగాన్ని, దౌర్జన్యం జరిగితే దొరికే రక్షణను ఒకసారి లెక్కవేయాలి. 2025లో రాష్ట్ర హైకోర్టు, క్రైస్తవం స్వీకరించి పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ లేదని తేల్చింది.

విశాఖకు ఆనుకొని ఉన్న అరకు లోక్‌సభ స్థానం ఇక్కడ పోల్చదగినది. షెడ్యూల్డు తెగల హోదాకు మతంతో సంబంధం లేదు. మన్యంలోని క్రైస్తవ గిరిజనుడు తన విశ్వాసాన్ని దాచుకోనక్కరలేదు. విశాఖ మూడుసార్లు మూడు పార్టీలను గెలిపించగా, అరకు 2014, 2019, 2024 మూడింటిలోనూ వైకాపానే గెలిపించింది. ఇది క్రైస్తవ ఓటు వల్లనే అనడం మళ్లీ పాత తప్పే. అటవీహక్కుల పట్టాలు, బాక్సైటు గనుల వ్యతిరేకత, వై.ఎస్. రాజశేఖరరెడ్డి కాలపు పథకాల జ్ఞాపకం అక్కడ బలంగా పనిచేశాయి. బహిరంగంగా క్రైస్తవుడైన ఓటరు కూడా భూమి కోసం ఓటు వేస్తాడన్నంత వరకే అరకు చెబుతుంది. మతం మారినవారిని తెగల జాబితా నుంచి తొలగించాలన్న డిమాండు బలపడితే ఆ మాత్రం బహిరంగత కూడా మిగలకపోవచ్చు.

పార్టీలు విశ్వాసులను చూడలేదని కాదు. పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవవేతనం వైకాపా ప్రభుత్వం మొదలుపెట్టింది. ప్రభుత్వం మారాక కూడా అది రద్దు కాలేదు. దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కులాల హోదా ఇవ్వాలని 2023 మార్చిలో శాసనసభ తీర్మానించి కేంద్రానికి పంపింది. ఆ ప్రశ్నపై 2022లో కేంద్రం నియమించిన జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ పరిధిలో తెలుగు విశ్వాసి జీవితం మొత్తం ఇమిడి ఉంది. గర్భస్రావంపై అమెరికా ఇవాంజెలికల్ ఓటరు సుప్రీంకోర్టు వైపు యాభై ఏళ్లు చూశాడు. ఇక్కడి విశ్వాసి కూడా అంతకాలంగా న్యాయస్థానం వైపే చూస్తున్నాడు. అతడు అడుగుతున్నది ఇతరుల నడవడిని దిద్దే చట్టం కాదు, తన పేరు తాను చెప్పుకునే వీలు.

ఈ నేపథ్యంలో ‘క్రైస్తవ ఓటు బ్యాంకు’ అన్న మాట వాడేవారు దాని బరువు తెలుసుకుని వాడాలి. అమెరికాలో అది ఒక గణాంకం. విశాఖ పేటల్లో అదే మాట తహసీల్దారు కార్యాలయంలో ఒక ఫిర్యాదుగా మారగలదు. ఏ వీధిలో ఎవరు ఆదివారం ఎక్కడికి వెళ్తారో తేల్చమని అడిగే విచారణగా మారగలదు. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 123(3) సెక్షను, 2017లో అభిరామ్ సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పు మతం పేరిట ఓటు అడిగే అభ్యర్థిని అడ్డుకుంటాయి. ఓటరు మతాన్ని ఊహించి రాసే వ్యాఖ్యాతకు అలాంటి అడ్డంకి ఏదీ లేదు.