రుచి చూచు మర్యాద

మెట్‌పల్లి, కోరుట్లల మీదుగా మల్లాపూర్ దిక్కునకు పోవు దారికి ఇరుప్రక్కల వరియు, మక్కయు, పసుపును, మామిడి తోటలును కనబడుచుండుటచేత, ఆ నేల పండించునదేమో అంగడికి చేరకమునుపే కంటికి కొంత తెలియును. పసుపు కొనువాడు కొమ్మును విఱిచి లోపలి వన్నె చూచును. వడ్లు కొనువాడు గింజను పంటికింద నొక్కి తేమను కనిపెట్టును. బెల్లము దగ్గరకు వచ్చునప్పటికి మాత్రము కన్నును పన్నును చాలక, నాలుకనే మధ్యవర్తిగా కూర్చుండబెట్టవలసి వచ్చును.

"జర నోట్లేసుకొని సూడు బిడ్డా, నచ్చితెనే తీస్కో" అని గంప ముందరి అవ్వ బెల్లపు పలుకు నొకదానిని అరచేత పెట్టునప్పుడు, దానిని ఉచితమైన తినుబండారముగా ఎంచువారు కలరు. తూకమునకు తరువాత వచ్చు కొసరునకును, తూకమునకు ముందు వచ్చు ఈ రుచికిని భేదమున్నది: కొసరు ఔదార్యము, రుచి న్యాయము. ఆమె తన సరుకును విచారణకు ఒప్పగించుచున్నది. కావున తినువానికి కొంత విద్య యుండవలెను.

చెఱకు రసము కాగునప్పుడు సున్నపు తేటయో, బెండమొక్క జిగురో కలిపి మడ్డిని తీసివేయుట పాత పద్ధతి. పచ్చని నిగ్గు కొఱకు హైడ్రోస్ అను రసాయనము వేయుట నేటి ఆకర్షణ. కావున చూపునకు ఇంపైన అచ్చే మేలైనదనుట చెల్లదు. నాలుకకు ఉప్పదనము తగిలెనా, చౌడునేల చెఱకేమోనని శంకింపవలెను. చేదు తగిలెనా, పాకము అడుగంటినదని తెలియవలెను.

ఒక్కొక్క వంటకు ఒక్కొక్క పరీక్ష. బతుకమ్మ నాళ్ల సత్తుపిండికిని, సంక్రాంతి నువ్వుల ముద్దకును వేపుడే ప్రాణము. గింజ పచ్చిగా ఉన్నను, మాడినను ఎంత బెల్లమును దానిని కాపాడలేదు. సకినము ఫెళ్లున విఱిగి, వాము ముందును నువ్వు వెనుకను తెలియవలెను. గిన్నె అడుగున పిండిని ఒత్తి, వ్రేలితో గుంటలు చేసి, వానిలో నూనె విడిచి కాల్చిన సర్వపిండికి అంచు కరకరలాడి నడుమ మెత్తనగుట లక్షణము. అంగడిలో రుచి చూచుటలో ఒక వరుస కలదు: కారము మొదట, పిమ్మట గుక్కెడు నీళ్లు, తరువాత పండు, కట్టకడపట బెల్లము. బెల్లము తిన్న నోటితో మామిడి ముక్కను కొఱికి, తియ్యని పండును పులుపని త్రోసివేయువాడు అన్యాయపు తీర్పరి.

చెఱకు మాట వచ్చినది గనుక, మల్లాపూర్ మండలమునందలి ముత్యంపేటలో నిజాం చక్కెర కర్మాగారపు శాఖ యుండెడిది. 2015లో అది మూతపడగా, చెఱకు వదలి ఇతర పంటలకు మరలిన రైతులు పెక్కురు. కర్మాగారము వేల బండ్ల చెఱకును కొనగలదు. ఆ మేలును అంగడి గంప తీర్చలేదు. అయినను, అందఱి చెఱకును కలిసి ఒకే తెల్లని పలుకగు ఆ చోట, ఎవని పొలపు తీపి ఎవని నోటికి చేరెనో ఎఱుగుట అసాధ్యము. పండించువానిని తినువానికి ఎదురుగా నిలుపుటకై ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వము 1999 జనవరి 26న రైతు బజార్లను ఆరంభించినది. దళారిని తొలగించుట వానివలన జరుగవచ్చును గాని, ఎదుటపడిన ఇరువురును మాటాడుకొననిచో ఆ ఎదురుబాటునకు ఫలమేమి?

ఆ మాటకు ఉపక్రమము రుచియే. కొన దలచినదానినే అడుగవలెను. బాగున్నచో "అరకిలో జోకు అవ్వా" అనుటకు ముందే బాగున్నదని చెప్పవలెను. లోపమున్నచో పదుగురి ముందర గాక ఆమెకు మాత్రమే వినబడునట్లు పలుకవలెను. వచ్చే వారము ఆమె పొయ్యిమీది పాకము ఆ మాటనుబట్టి మాఱును. రుచి చూచి కొనకుండుట తప్పు కాదు, తెలిసినది చెప్పకుండుట తప్పు. మౌనముగా నమిలి సాగిపోవువాడు ఆ గంపకు బాకీపడినవాడే.