‘ఫారెన్‌హైట్ 451’లో లైబ్రేరియన్ ఎక్కడ?

ఇంజనీరింగ్ హాస్టల్లో ‘ఫారెన్‌హైట్ 451’ చేతులు మారుతున్న రోజుల్లో మేం నలుగురం ఒక ఆట ఆడేవాళ్లం. పుస్తకాలన్నీ తగలబెట్టేస్తే నువ్వు ఏ పుస్తకమవుతావు? నవల చివర్లో రైలు పట్టాల పక్కన బతికే మనుషులు తలా ఒక పుస్తకాన్ని కంఠతా పట్టి దాచుకుంటారు కదా, అదన్నమాట. ‘మహాప్రస్థానం’ కోసం ఇద్దరు కొట్టుకున్నారు. లైబ్రరీ రిజిస్టరు నేను చూసుకుంటానని మాత్రం ఎవడూ అనలేదు.

పదిహేనేళ్ల తర్వాత మళ్లీ చదివితే, రే బ్రాడ్‌బరీకి కూడా ఆ ఆలోచన రాలేదని తెలిసింది. ఆ గుంపులో ప్రొఫెసర్లున్నారు, ఒక పాస్టరున్నాడు, పుస్తకం రాసిన గ్రేంజరున్నాడు. మాంటాగ్‌కి సాయపడే ఫేబర్ కూడా, విద్యార్థులు రాక కాలేజీ మూతపడి ఉద్యోగం పోయిన ఇంగ్లిష్ ప్రొఫెసరే. లైబ్రేరియన్ ఒక్కరూ లేరు. విడ్డూరం ఏంటంటే ఈ నవల పుట్టిందే లైబ్రరీలో. కాలేజీకి డబ్బుల్లేక లాస్ ఏంజెలస్ లైబ్రరీల్లో చదువుకున్న మనిషి బ్రాడ్‌బరీ. దీని తొలిరూపం ‘ది ఫైర్‌మన్’ని యూసీఎల్‌ఏ పావెల్ లైబ్రరీ బేస్‌మెంట్లో, అరగంటకి 10 సెంట్లు మింగే టైప్‌రైటర్ మీద కొట్టాడు. మొత్తం 9 డాలర్ల 80 సెంట్లు అయిందని తనే చెప్పుకునేవాడు.

పాత్ర లేకపోతే ఏం పోయింది అనొచ్చు. పోయింది. కంఠతా పట్టిన మనిషి దగ్గర ఒక్క పుస్తకమే ఉంటుంది. ఒకటి వెతుకుతూ పక్క అరలో ఇంకోటి చేతికి తగలడమనేది అక్కడ కుదరదు. చదివే స్వేచ్ఛలో సగం ఆ పక్క అరే అని నా అనుమానం.

బ్రాడ్‌బరీ ఆ టైప్‌రైటర్‌లో నాణేలు వేస్తున్న 1950లోనే, ఓక్లహోమాలోని బార్టిల్స్‌విల్ అనే ఊళ్లో రూత్ బ్రౌన్ అనే లైబ్రేరియన్‌ని ఉద్యోగం నుంచి తీసేశారు. ముప్ఫై ఏళ్ల సర్వీసు. ‘ది నేషన్’, ‘ది న్యూ రిపబ్లిక్’ లాంటి పత్రికలు లైబ్రరీలో ఉంచడం పైకి చెప్పిన నేరం. అసలు కోపం వేరే. ఆవిడ జాతివివక్షకి వ్యతిరేకంగా పనిచేసింది, నల్లజాతి మిత్రులతో కలిసి ఒక డ్రగ్‌స్టోర్‌కి భోజనానికి వెళ్లింది. పుస్తకాలు తగలబెట్టనక్కర్లేకపోయింది. మనిషిని తీసేస్తే సరిపోయింది.

ఇది పక్కన పెట్టుకుని కెప్టెన్ బీటీ ఉపన్యాసం చదవండి. నవల గుండెకాయ అదే, నాకు అస్సలు మింగుడుపడనిదీ అదే. ఇదంతా ప్రభుత్వం మొదలుపెట్టలేదంటాడు. జనానికి తీరిక లేదు, అన్నీ కుదించుకుంటూ పోయారు. ప్రతి మైనారిటీ వర్గం ఏదో ఒకటి నచ్చలేదంది. కుదింపు గురించి చెప్పింది ఈ రోజు రీల్స్ చూసే మనకి చెంపదెబ్బలా తగులుతుంది, ఒప్పుకుంటాను. కానీ నచ్చలేదన్నవాళ్లందరినీ ఒకే గాట కట్టడం అన్యాయం. బీటీ విలన్ కాబట్టి ఆ మాటలు రచయితవి కావనే వీలు కూడా లేదు. 1979లో రాసిన అనుబంధంలో బ్రాడ్‌బరీ తన సొంత గొంతుతోనే ఇంచుమించు ఇదే అన్నాడు. బార్టిల్స్‌విల్‌లో పత్రికల మీద గోల చేసినవాళ్లు మైనారిటీలు కాదు, ఊరి పెద్దలు.

ఆ అనుబంధం రాయాల్సి రావడం వెనక కథ నవల కంటే భయపెడుతుంది. 1967లో బాలంటైన్ సంస్థ హైస్కూళ్ల కోసం ‘బాల్-హై’ ఎడిషన్ వేసింది. తిట్లు, అబార్షన్ అన్న మాట, ఇలా 75 చోట్ల మార్చేశారు. తాగుబోతు జబ్బుమనిషయ్యాడు. బొడ్డులో నలుసు తీయడం చెవులు శుభ్రం చేయడమైంది. మార్చామని పుస్తకంలో ఎక్కడా చెప్పలేదు. 1973 నుంచి పెద్దలకి అమ్మిందీ అదే. విద్యార్థులు ఉత్తరాలు రాసేదాకా రచయితకే తెలియదు. చేంజ్‌లాగ్ లేని ప్యాచ్‌ని ప్రొడక్షన్‌లోకి తోసేస్తే ఏమవుతుందో మా వృత్తిలో వాళ్లకి వివరించక్కర్లేదు. పాత కాపీ ఒకటి ఎక్కడో అరలో మిగిలుంటేనే తేడా దొరుకుతుంది.

నవల వెలువడిన 1953లోనే అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్, ప్రచురణకర్తల మండలితో కలిసి ‘ఫ్రీడమ్ టు రీడ్’ ప్రకటన తెచ్చింది. మెజారిటీకి నచ్చని అభిప్రాయాలు కూడా అందుబాటులో ఉంచడం తమ బాధ్యత అన్నారు. పద్నాలుగేళ్లకే ఒక ప్రచురణకర్త చేసిన పని పైన చెప్పాను.

మొన్న ఫోన్‌లోని ఈ-బుక్‌ని, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక ఆదివారం కొన్న పాత కాపీతో పక్కపక్కన పెట్టి చూశాను. రెండింటిలోనూ తాగుబోతు తాగుబోతుగానే ఉన్నాడు.