నారికురుపు

మా ఇంట్లో బిందె మూతికి పాత చీరముక్కను రెండు మడతలు వేసి కట్టి, దాని మీదుగా నీళ్లు పోసేవాళ్లు. అలంపూర్‌లో ఉన్నా, నడిగడ్డలో ఏ పల్లెకు పోయినా పెద్దవాళ్లకు ఈ పని చెప్పనక్కర్లేదు. ఆ గుడ్డకు ఎంత శక్తి ఉందో నారికురుపు అనే రోగం కథ చెబుతుంది.

నారి అంటే వింటితాడు. ఈ రోగం తెచ్చే, మీటరు దాకా పెరిగే ఆడపురుగు కాలి మీద పొక్కు చిట్లి తెల్లని దారంలా బయటికొస్తుంది. ఇంతకన్నా తగిన పేరు నాకు తోచదు. వైద్యులు డ్రాకన్‌క్యులియాసిస్ అంటారు. లాటిన్‌లో డ్రాకన్‌క్యులస్ అంటే చిన్న సర్పం. ఎర్రసముద్ర తీరవాసుల ఒంట్లోంచి చిన్న పాములు వచ్చేవని ప్రాచీన గ్రీకులు రాశారు. పురుగు శాస్త్రీయ నామంలో మదీనా పట్టణం ఉంది, ఇంగ్లిషు వాడుకలో గినీ తీరం ఉంది. మన మెట్ట ఊళ్లలోనూ ఉన్న రోగానికి ఎక్కడి ఊరి పేరో తగిలించడం ఆ ఊరికి అన్యాయం. మన మాట ఎవరినీ వేలెత్తి చూపదు.

మందు లేదు, టీకా లేదు. పురుగును పుల్లకు చుట్టి రోజుకు కొంచెం చొప్పున వారాల తరబడి లాగాలి. తెగితే లోపలి ముక్క చీము పట్టి మనిషి మంచాన పడతాడు. మంట తాళలేక దిగుడుబావిలో కాలు పెడితే హాయి. అప్పుడే పురుగు వేలకొద్దీ పిల్లల్ని నీళ్లలోకి వదిలేది. వాటిని సైక్లాప్స్ అనే చిన్న జీవులు తినేవి, ఆ నీళ్లు ఊరు తాగేది. ఏడాదికి మళ్లీ పొక్కు. పారే ఏటిలో ఇది సాగదు. ఏటికి దూరమైన ఊళ్లకు నిలవనీరే దిక్కాయె.

మిల్లీమీటరుకు అటూఇటూ ఉండే సైక్లాప్స్ మడతగుడ్డను దాటలేవు. 1984లో దేశంలో దాదాపు 40 వేల మందికి ఈ రోగం ఉండేది. అది పాతుకుపోయిన 7 రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ వెతికారు, వడపోత గుడ్డలు పంచారు, దిగుడుబావుల బదులు చేతిపంపులు వేయించారు. 1996 జూలైలో రాజస్థాన్‌లో చివరి కేసు. 2000 ఫిబ్రవరిలో భారత్‌కు ఈ రోగం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.

దాన్ని ఒంటిమీద భరించినవాళ్లు మన పల్లెల్లో ఇంకా ఉండే ఉంటారు. వాళ్ల దగ్గర కూర్చుని, పుల్ల ఎవరు చుట్టారో, ఏ ఆకు కట్టారో, ఆ ఏడు సేద్యం ఎవరు చూశారో అడిగి రాసుకోవాలి.